ఎవరూ గీయని కెపాసిటర్లు: జేఎన్‌టీయూ హైదరాబాద్ వైస్ చాన్స్‌లర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ చాన్స్‌లర్ గారికి,



కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో కొండగట్టు అంజన్న దర్శనానికి దిగే భక్తులకు లెక్క లేదు. ఆ గుట్టకు దగ్గర్లోనే, నాచుపల్లిలో, మీ యూనివర్సిటీ సొంత ఇంజినీరింగ్ కాలేజీ 2007 నుంచి నడుస్తోంది. గల్ఫ్‌కు పోయిన తండ్రులు, ఇంట్లో బీడీలు చుట్టే తల్లులు, ఎస్సారెస్పీ కాలువ కింద వరి వేసే రైతులు ఉన్న జిల్లా జగిత్యాల. ఇక్కడి పిల్లలకు పెద్ద ఫీజులు అక్కర్లేని సర్కారు ఇంజినీరింగ్ సీటు అంటే ఇంటిల్లిపాది ఆశ. ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లల కోసం ఈ లేఖ అడిగేది ఒక్కటే. చిప్ లేఅవుట్ నుంచి పారాసిటిక్ కెపాసిటెన్స్‌ను లెక్కగట్టే విద్యను ప్రయోగాల జాబితాలో ఒక పేరుగా వదిలేయకుండా, ప్రతి విద్యార్థీ తన చేతులతో చేసి, ఫలితాన్ని తన మాటల్లో వివరించగలిగే పూర్తి ల్యాబ్‌గా నిలపాలి.

ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ చిన్న విషయమే చిప్ పని చేస్తుందా, చెయ్యదా అన్నది తేలుస్తుంది కాబట్టి.

చిప్ డిజైన్ చేసేవాళ్లు ట్రాన్సిస్టర్లను గీస్తారు, వాటిని కలిపే లోహపు తీగలను గీస్తారు. ఆ తీగల మధ్య కెపాసిటర్లను ఎవరూ గీయరు, అయినా అవి ఉంటాయి. రెండు లోహపు ముక్కలు, వాటి మధ్య ఒక ఇన్సులేటర్ ఉంటే చాలు, అక్కడ కెపాసిటర్ పుట్టినట్టే. చిప్‌లో పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటిగా ఎన్నో పొరల్లో లోహపు తీగలు పరుచుకుని ఉంటాయి. వాటి నడుమ సిలికాన్ డయాక్సైడ్ లాంటి పదార్థం నిండి ఉంటుంది. సర్క్యూట్ బొమ్మలో కనిపించని ఇలాంటి కెపాసిటర్లు ఒక్క ఆధునిక చిప్‌లో కోట్లలో ఉంటాయి. వీటినే పారాసిటిక్ కెపాసిటెన్స్ అంటారు. లేఅవుట్ బొమ్మను చదివి, ఏ తీగకు ఏ తీగతో ఎంత కెపాసిటెన్స్ ఉందో పట్టీ తయారు చేయడమే ఎక్స్‌ట్రాక్షన్.

ఇంటర్‌లో ప్రతి విద్యార్థీ నేర్చుకునే సూత్రం ఒకటుంది. రెండు సమాంతర పలకల కెపాసిటెన్స్, వాటి వైశాల్యానికి అనులోమంగా, దూరానికి విలోమంగా ఉంటుంది. చిప్ తీగకు ఆ సూత్రాన్నే వాడితే ఏమవుతుందో చూడటానికి ఒక్క లెక్క చాలు. తీగ వెడల్పు, మందం, కింది పొర నుంచి దాని ఎత్తు, మూడూ అర మైక్రోమీటరే అనుకుందాం. నిడివి ఒక మిల్లీమీటరు. మధ్యలో సిలికాన్ డయాక్సైడ్, దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3.9. పలకల సూత్రం ప్రకారం ఈ తీగ కెపాసిటెన్స్ సుమారు 34.5 ఫెమ్టోఫారడ్‌లు వస్తుంది.

అసలు విలువ దానికి దాదాపు నాలుగు రెట్లు. తీగ అడుగు భాగం నుంచే కాక, పక్క గోడల నుంచి, అంచుల నుంచి కూడా విద్యుత్ క్షేత్రం వంగి కిందికి దిగుతుంది. తీగ సన్నబడే కొద్దీ ఈ అంచుల వాటాయే ఎక్కువవుతుంది. జపాన్ ఇంజినీర్లు తకయాసు సకురాయ్, తమారు 1983లో ఈ అంచుల ప్రభావాన్ని కలిపి ఒక సులువైన సూత్రాన్ని ప్రచురించారు. దాన్ని పై తీగకు వాడితే 136 ఫెమ్టోఫారడ్‌లు వస్తుంది. రెండు పక్కలా అర మైక్రోమీటర్ దూరంలో మరో రెండు తీగలు నడుస్తుంటే, అదే సూత్రంతో మొత్తం 191కి చేరుతుంది. మైక్రోమీటర్‌కు సుమారు 0.2 ఫెమ్టోఫారడ్ అని చిప్ ఇంజినీర్లు నోటి లెక్కగా చెప్పుకునే అంకె ఇదే.

ఆ అంకెలో ఇంకో సంగతి ఉంది. వెడల్పు, మందం, ఎత్తు, ఎడం అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే మైక్రోమీటర్‌కు వచ్చే కెపాసిటెన్స్ మారదు. ట్రాన్సిస్టర్లు తరం మారినప్పుడల్లా చిన్నవై వేగం పుంజుకున్నాయి. తీగలకు ఆ అదృష్టం దక్కలేదు. అడ్డుకోత తగ్గేసరికి వాటి నిరోధం మాత్రం పెరుగుతూ పోయింది.

ఇప్పుడు దీన్ని కాలంలోకి మారుద్దాం. ఆ తీగను నడిపే చిన్న గేటు నిరోధం 5 కిలోఓమ్‌లు అనుకుంటే, సిగ్నల్ సగం ఎత్తుకు చేరడానికి పలకల సూత్రం ప్రకారం 0.12 నానోసెకన్లు చాలు. పక్క తీగలతో సహా లెక్కగట్టిన కెపాసిటెన్స్‌తో అయితే 0.66 నానోసెకన్లు పడుతుంది. ఒక గిగాహెర్ట్జ్ క్లాక్‌లో ఒక చుట్టుకు ఉన్న సమయమే ఒక నానోసెకన్. అందులో మూడింట రెండు వంతులు ఒక్క తీగే మింగేస్తుంది. పలకల సూత్రాన్ని నమ్ముకున్న విద్యార్థి కంప్యూటర్ మీద చక్కగా నడిచే సర్క్యూట్ గీస్తాడు. అది సిలికాన్‌లోకి దిగాక నడవదు.

కరెంటు ఖర్చు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. పక్క తీగలతో సహా లెక్కగట్టిన పై తీగను 1.8 వోల్టులతో, సెకనుకు వంద కోట్ల సార్లు నింపి ఖాళీ చేస్తే 0.6 మిల్లీవాట్లు ఖర్చు. అలాంటి తీగలు పది వేలుంటే ఆరు వాట్లు. ఫోన్ వేడెక్కడంలో, బ్యాటరీ దిగిపోవడంలో ఈ గీయని కెపాసిటర్ల వాటా చిన్నది కాదు.

పక్క తీగలతో ఉండే కప్లింగ్ కెపాసిటెన్స్ మరింత ఇబ్బంది పెడుతుంది. ఉమ్మడి గోడ ఉన్న రెండిళ్లలో ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంట్లో వినపడ్డట్టు, ఒక తీగలో మార్పు పక్క తీగను కదిలిస్తుంది. రెండు తీగలూ ఒకేసారి ఎదురు దిశల్లో మారితే వాటి మధ్య కెపాసిటెన్స్ రెట్టింపైనట్టు ప్రవర్తిస్తుంది, సిగ్నల్ ఆలస్యమవుతుంది. ఒకే దిశలో మారితే అసలు లేనట్టే ఉంటుంది, సిగ్నల్ ముందుగా వచ్చేస్తుంది. ఆలస్యమైతే క్లాక్ వేగం తగ్గించి చిప్‌ను ఎలాగోలా వాడుకోవచ్చు. ముందుగా వచ్చి, పాత విలువ నిలిచి ఉండాల్సిన కనీస సమయం (హోల్డ్) తప్పితే క్లాక్‌ను ఎంత తగ్గించినా బాగుపడదు, ఆ చిప్ చెత్తబుట్టకే. అనలాగ్ సర్క్యూట్లలోనైతే రెండు జంట తీగల మధ్య ఒకట్రెండు ఫెమ్టోఫారడ్‌ల తేడా కూడా కొలతను తప్పుదారి పట్టిస్తుంది.

పెద్ద కంపెనీలు ఈ కెపాసిటెన్స్‌తో ఎంత పోరాడాయో చరిత్రే చెబుతుంది. 1997లో ఐబీఎం అల్యూమినియం బదులు రాగి తీగలు తెస్తున్నట్టు ప్రకటించింది. అది తీగ నిరోధాన్ని తగ్గించే మార్గం. కెపాసిటెన్స్‌ను తగ్గించడానికి పరిశ్రమ తక్కువ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం ఉన్న పదార్థాల కోసం ఏళ్ల తరబడి వెతికింది. 2000లో వచ్చిన ఇంటెల్ పెంటియమ్ 4 పైప్‌లైన్‌లోని 20 దశల్లో రెండింటికి, సిగ్నల్‌ను చిప్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేర్చడం తప్ప వేరే పనే లేదు. 2014లో అదే కంపెనీ 14 నానోమీటర్ల ప్రక్రియలో కొన్ని పొరల తీగల మధ్య గాలి ఖాళీలు వదిలింది. గాలి స్థిరాంకం దాదాపు 1 కాబట్టి.

ఇన్ని కోట్ల తీగల కెపాసిటెన్స్‌ను లెక్కగట్టేదెలా? ప్రతి తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రపు సమీకరణాలను నేరుగా సాధించాలంటే కంప్యూటర్లు చాలవు. అందుకే పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట చిప్‌లు తయారు చేసే ఫౌండ్రీ తన ప్రక్రియలోని ప్రతి పొర మందం, ఎత్తు, ఇన్సులేటర్ స్థిరాంకం రాసి ఇస్తుంది. వాటిని తీసుకుని ఒంటరి తీగ, జంట తీగలు, అడ్డంగా దాటే తీగలు లాంటి వేల నమూనాలను ఫీల్డ్ సాల్వర్ అనే కచ్చితమైన ప్రోగ్రాంతో ముందే లెక్కగట్టి దాచుకుంటారు. తర్వాత పూర్తి చిప్ లేఅవుట్ వచ్చినప్పుడు, ఎక్స్‌ట్రాక్షన్ టూల్ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చూసి, ప్రతి ముక్క ఏ నమూనాకు సరిపోతుందో వెతికి, దాని విలువను కలుపుకుంటూ పోతుంది. తయారీలో తీగలు కాస్త మందంగానో, పలచగానో రావచ్చు కాబట్టి ఒక్క విలువతో సరిపెట్టరు. కెపాసిటెన్స్ అతి ఎక్కువయ్యే సందర్భం, అతి తక్కువయ్యే సందర్భం, ఇలా కార్నర్ల వారీగా మళ్లీ మళ్లీ లెక్కిస్తారు. ఆ పట్టీ టైమింగ్ పరీక్షకు వెళుతుంది. అన్ని కార్నర్లలో నెగ్గితేనే చిప్ తయారీకి పోతుంది.

ఫీల్డ్ సాల్వర్ల వెనక ఉన్న గణితం ఏ విద్యార్థినైనా కట్టిపడేసేది. ఎంఐటీలో కీత్ నేబర్స్, జేకబ్ వైట్ 1991లో ఫాస్ట్‌క్యాప్‌ను ప్రపంచం ముందు పెట్టారు. తీగల ఉపరితలాన్ని చిన్న పలకలుగా కోసి, దూరంగా ఉన్న పలకల ప్రభావాన్ని గుంపులుగా కలిపి లెక్కగట్టే పద్ధతి అది. మరుసటి ఏడాది లే కోజ్, ఐవర్సన్ మరో దారి చూపారు. తీగ చుట్టూ ఊహించిన ఒక ఉపరితలం నుంచి బయల్దేరి, లోహం తగలని అతి పెద్ద ఘనాన్ని గీసి, దాని ముఖం మీద యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక బిందువుకు దూకడం, ఏదో ఒక తీగ తగిలేదాకా ఇలా దూకుతూ పోవడం. ఇలాంటి నడకలు లక్షల్లో చేసి సగటు తీస్తే కెపాసిటెన్స్ వస్తుంది. నడకలు వంద రెట్లు పెంచితే కచ్చితత్వం పది రెట్లు పెరుగుతుంది. సంభావ్యతా శాస్త్రం, విద్యుదయస్కాంత శాస్త్రం, ప్రోగ్రామింగ్ ఒకే చోట కలిసే పాఠం ఇంతకంటే అందమైనది బీటెక్‌లో దొరకడం కష్టం.

ఈ విద్యకు ఉద్యోగం ఎక్కడుందని వెతకడానికి నాచుపల్లి పిల్లలు విదేశాలకు పోనక్కర్లేదు. ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, ఎన్విడియాలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ తయారు చేసే సినాప్సిస్, సీమెన్స్ ఈడీఏ కూడా ఇక్కడ ఉన్నాయి. ఈ రంగంలో పేరున్న ఎక్స్‌ట్రాక్షన్ టూల్స్‌లో స్టార్‌ఆర్‌సీ సినాప్సిస్‌దే, క్యాలిబర్ సీమెన్స్‌దే. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76 వేల కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకాన్ని ఆమోదించింది. చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద 85 వేల మందికి చిప్ డిజైన్‌లో శిక్షణ ఇస్తామని చెప్పింది. ఆ 85 వేల మందిలో జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్ పిల్లలు ఎందరుంటారన్నది యూనివర్సిటీలు ఇప్పుడు తీసుకునే నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది.

అడ్డంకి డబ్బే అయితే, ఈ పాఠానికి ఆ అడ్డంకి లేదు. 1980ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన విద్యార్థులు రాసిన మ్యాజిక్ అనే లేఅవుట్ ప్రోగ్రాం నేటికీ ఉచితంగా దొరుకుతుంది. లేఅవుట్ గీయడం, నియమాలు సరిచూడటం, కెపాసిటెన్స్‌ను ఎక్స్‌ట్రాక్ట్ చేయడం మూడూ దానిలోనే జరుగుతాయి. 2020లో గూగుల్, స్కైవాటర్ ఫౌండ్రీ కలిసి 130 నానోమీటర్ల ప్రక్రియ వివరాలను అందరికీ తెరిచాయి. అంతకుముందు ఇలాంటి వివరాలు చూడాలంటే రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చేది. జర్మనీ సంస్థ ఐహెచ్‌పీ కూడా తన 130 నానోమీటర్ల ప్రక్రియను తెరిచింది. ఆండ్రూ కాంగ్ నాయకత్వంలో శాన్‌డియాగోలో మొదలైన ఓపెన్‌రోడ్ అనే ప్రోగ్రాం, చిప్ బ్లాక్ మొత్తానికి తీగలు పరిచి, వాటి పారాసిటిక్స్‌ను లెక్కగట్టి, టైమింగ్ చూపిస్తుంది. సర్క్యూట్‌ను నడిపి చూపే ఎన్‌జీస్పైస్, లేఅవుట్ చూసే కేలేఅవుట్, ఫీల్డ్ సాల్వర్ ఫాస్టర్‌క్యాప్ కూడా ఉచితమే. కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు కంప్యూటర్లలో లైనక్స్ వేసుకుంటే చాలు, మొదటి ప్రయోగాలన్నీ నడుస్తాయి. లైసెన్సు గడువు తీరిందని ప్రయోగం ఆగిపోయే బెడద ఉండదు. విద్యార్థి అదే సాఫ్ట్‌వేర్‌ను ఇంటికి తీసుకెళ్లి, సెలవుల్లో కూడా సాధన చేసుకోవచ్చు.

కంపెనీలు వాడేది వేరే టూల్స్ కదా, ఇవి నేర్చుకుని ఏం లాభం అనే ప్రశ్న న్యాయమైనదే. నిజమే, ఉద్యోగంలో ఎదురయ్యేవి వేరే బటన్లు, వేరే ఆదేశాలు. వాటిని నేర్చుకోవడానికి కొత్త ఇంజినీరుకు కొద్ది వారాలు చాలు. పొరల అమరిక ఏమిటి, అంచు కెపాసిటెన్స్ ఎందుకు వస్తుంది, కార్నర్ అంటే ఏమిటి, కప్లింగ్ టైమింగ్‌ను ఎటు లాగుతుంది అన్న అవగాహన మాత్రం వారాల్లో వచ్చేది కాదు. 130 నానోమీటర్లు పాతది కదా అనేవాళ్లూ ఉంటారు. పాతది కాబట్టే నేర్పడానికి అనువైనది. లేఅవుట్‌లో తీగలు విడివిడిగా కనిపిస్తాయి, నియమాలు తక్కువ, లెక్క చేత్తో సరిచూసుకోవచ్చు. కొత్త ప్రక్రియల్లోనూ భౌతికశాస్త్రం ఇదే, చిక్కుముడులే ఎక్కువ.

విద్యార్థులు చిప్‌లు గీయగలరా అన్న సందేహాన్ని ప్రపంచం 1978లోనే తీర్చుకుంది. ఆ ఏడాది లిన్ కాన్వే ఎంఐటీలో ఒక కోర్సు చెప్పారు. అందులో విద్యార్థులు గీసిన డిజైన్లు నిజమైన చిప్‌లుగా తయారై వాళ్ల చేతికి తిరిగొచ్చాయి. ప్రపంచమంతా విద్యార్థులకు లేఅవుట్ నేర్పే పద్ధతి అక్కడి నుంచే వ్యాపించింది. అప్పట్లో అది కొద్దిమందికే అందే అవకాశం. నేడు అదే పని ఇంటర్నెట్ ఉన్న ఏ కాలేజీలోనైనా మొదలవుతుంది.

అందుకే, వైస్ చాన్స్‌లర్ గారూ, ఈ లేఖ మీ ముందు కొన్ని స్పష్టమైన కోరికలు పెడుతోంది.

నాచుపల్లి ఈసీఈ విద్యార్థి ప్రతి ఒక్కరూ ఒక ఇన్వర్టర్‌ను, దాని వెంట ఒక పొడవాటి తీగను మ్యాజిక్‌లో సొంతంగా గీయాలి. ఎక్స్‌ట్రాక్షన్‌కు ముందు, తర్వాత ఆలస్యం ఎంత మారిందో కొలవాలి. అదే తీగ కెపాసిటెన్స్‌ను సకురాయ్ సూత్రంతో కాగితం మీద, ఫీల్డ్ సాల్వర్‌తో కంప్యూటర్ మీద లెక్కగట్టాలి. మ్యాజిక్ ఇచ్చిన విలువతో కలిపి మూడు జవాబులూ ఎందుకు వేరుగా వచ్చాయో రాయాలి. మార్కులు ఆ వివరణకే పడాలి. స్క్రీన్ ఫొటోలు అతికించిన రికార్డుకు మార్కులు వేస్తే ఈ ల్యాబ్ పెట్టినా ఫలితం ఉండదు. చివరి ఏడాదిలో ఒక చిన్న ప్రాసెసర్ బ్లాక్‌ను ఓపెన్‌రోడ్‌లో పూర్తిగా నడిపి, పారాసిటిక్స్ లేకుండా, వాటితో కలిపి టైమింగ్ పోల్చే ప్రాజెక్టులకు ప్రోత్సాహం ఇవ్వాలి.

దీనికి ముందు అధ్యాపకులకు శిక్షణ కావాలి. సెలవుల్లో ఒక శిబిరం పెట్టి, నాచుపల్లితో పాటు మంథని, సిరిసిల్ల కాలేజీల అధ్యాపకులను కూడా కూర్చోబెట్టండి. హైదరాబాద్‌లో ఎక్స్‌ట్రాక్షన్ పని చేస్తున్న ఇంజినీర్లలో ఉత్తర తెలంగాణ ఊళ్ల వాళ్లున్నారు. యూనివర్సిటీ తరఫున పిలిస్తే, సెమిస్టర్‌కు ఒకసారైనా నాచుపల్లి వచ్చి పాఠం చెప్పడానికి వెనకాడరు. ఇది సాగాక, చిప్స్ టు స్టార్టప్ కింద పారిశ్రామిక టూల్స్ కోసం దరఖాస్తు చేసే అర్హత కాలేజీకి మరింత గట్టిగా దక్కుతుంది.

కొలతలు, సూత్రాలు, ప్రయోగాల వివరణ తెలుగులో కూడా ఒక చిన్న పుస్తకంగా వేయిస్తే మంచిది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టర్లలో భాష దగ్గరే తడబడి, విషయాన్ని వదిలేయడం తరచూ జరుగుతోంది. విద్యుత్ క్షేత్రం తీగ అంచు నుంచి ఎలా వంగుతుందో ఒకసారి తెలుగులో అర్థమైతే, ఆ తర్వాత ఇంగ్లిష్ పుస్తకం భయపెట్టదు.

ఈ ల్యాబ్‌కు కావాల్సింది ఒక గది, ఉన్న కంప్యూటర్లు, శిక్షణ పొందిన ఇద్దరు అధ్యాపకులు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక తీర్మానం. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యే లోపే ఆ తీర్మానాన్ని చర్చకు పెట్టించండి. నాచుపల్లి కాలేజీని మొదటి ప్రయోగశాలగా ప్రకటించండి. ఫలితాలు చూశాక మిగతా కాలేజీలకు విస్తరించండి. ఈ పిల్లలు ఎవరికీ తీసిపోరు, వాళ్లకు పని చేతికివ్వండి.

ఇట్లు,
నాచుపల్లి విద్యార్థుల మేలు కోరే కరీంనగర్ వాసి